వెర్నా దాటేసిన ఛానెల్

మా బార్లో కొండ మీద సైరన్ మోగితే ఎవరూ కిటికీలోంచి తొంగి చూడరు. ఫోన్ తీసి వెర్నా ప్రౌటీకి చేస్తారు. "ఏమిటది వెర్నా?" అంటారు. ఆవిడ వంటింట్లో, రొట్టెల డబ్బాకీ కాఫీ మరిగే గిన్నెకీ మధ్య స్కానర్ ఉంటుంది. పోలీసులు, అంబులెన్సు, ఫైరింజన్ల వాళ్లు, చివరికి రోడ్డు మీద చచ్చిన జింకను తీసేవాడు కూడా, రేడియోలో ఏం మాట్లాడుకున్నా అది పట్టి వినిపిస్తుంది. "చర్చి వెనక ముసలాయన జారిపడ్డాడు, అంబులెన్సు బయలుదేరింది, ఇక నీ పని నువ్వు చూసుకో" అని ఫోన్ పెట్టేస్తుంది వెర్నా.

నేను వాళ్ల ఎదురింటివాణ్ణి, వెండెల్‌ని. ఈ కొండ మీది ఇళ్లకు గ్యాసు లారీ తోలి తోలి నడుము విరగ్గొట్టుకుని ఇప్పుడు ఖాళీగా ఉన్నాను. నా భార్య పోయిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం తిండి వెర్నా వాళ్లింట్లోనే. తిండి పెడుతోంది కదా అని ఆవిణ్ణి పొగుడుతున్నాననుకోకండి. ఆవిడ వంట సంగతి నాకు తెలుసు, ఆవిడ నోటి సంగతి ఇంకా బాగా తెలుసు.

వెర్నా స్కూలు బస్సు నడిపేది. ఈ కొండ మీద జుట్టు నెరిసినవాళ్లు కూడా ఆవిడ అద్దంలోంచి చూసినట్టు ఒక్క చూపు చూస్తే ఇప్పటికీ నోరు మూసుకుంటారు. ఆవిడ మొగుడు బర్ల్ మా ఊరి ఫైరింజన్ దళంలో మనిషి. జీతం భత్యం లేని కొలువు. కూత వినపడితే తింటున్న ముద్ద వదిలేసి పరిగెత్తాలి. పెళ్లయిన కొత్తలో ఒకసారి బర్ల్ ఎవరిదో గడ్డివామి ఆర్పడానికి వెళితే, తిరిగొచ్చేదాకా ఈవిడ కిటికీ దగ్గరే నిలబడి ఉందట. ఆ వారమే వెళ్లి స్కానర్ కొనుక్కొచ్చింది. "ఎంత చెడ్డ కబురైనా వింటాను గానీ, ఏం జరుగుతోందో తెలియకుండా నిలబడ్డం నా వల్ల కాదు" అంది.

బర్ల్ మాటల పిసినారి. వంటలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "తింటున్నాను కదా" అంటాడు. కాఫీ ఎలా ఉందంటే కప్పు ముందుకు జరుపుతాడు, ఇంకా పొయ్యమని. అలాంటివాడికి రేడియోలో మాట్లాడే ముందు ఒక అలవాటుంది. బటన్ నొక్కాక రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు. రేడియోలో ఎవరూ పేర్లు పలకరాదు, "ఇంజన్ నాలుగు" అనో "ఇంజన్ రెండు" అనో చెప్పాలి. అయినా ఆ గొంతు సవరింపు వినగానే వెర్నా భుజాలు కిందికి దిగేవి. మొగుడు బతికే ఉన్నాడన్నమాట. ఇక బంగాళాదుంపలు తరుక్కోవచ్చు.

అన్నీ సవ్యంగా ఉంటే మనుషులకు తోచదు కదా, మా కౌంటీ వాళ్లు, అంటే జిల్లా సర్కారు, పోలీసుల దగ్గర్నుంచి ఫైరింజన్ల దాకా రేడియోలన్నీ మార్చేశారు. వెర్నా పాత స్కానర్‌కు ఒక్కసారిగా నోరు పడిపోయింది. ఆవిడ వెంటనే కొత్తది తెప్పించి వంటింటి బల్ల మీద పెట్టి కూర్చుంది. పాత పద్ధతిలో ఒక్కో శాఖకు ఒక్కో నంబరు, అది నొక్కితే చాలు. కొత్త పద్ధతి చర్చి విందు లాంటిది. ఎవరు ముందొస్తే వాళ్లు ఖాళీ కుర్చీలో కూర్చుంటారు, ఎవరెక్కడ కూర్చున్నారో గుమ్మం దగ్గర ఒకడు చెబుతుంటాడు. స్కానర్‌కు ముందు ఆ గుమ్మం దగ్గరివాణ్ణి చూపించాలి, తర్వాత ఎవరెవరి మాటలు కావాలో వాళ్ల గుంపుల నంబర్లు ఒక్కొక్కటీ ఎక్కించాలి. ఒక్క అంకె తప్పితే గోవిందా.

మొదటి వారం ఆవిడకు పక్క కౌంటీ చెత్తబళ్ల వాళ్లు తప్ప ఎవరూ వినపడలేదు.

"ఏం వెర్నా, ఇవాళ ఎవరింటి చెత్త ఎత్తారట?" అని నేను అడిగేవాణ్ణి.

"నీది తప్ప అందరిదీ. నిన్నెవడు ఎత్తుతాడు?" అనేది కళ్లజోడు తీయకుండానే.

మొత్తానికి సాధించింది. ఫైరింజన్ల గుంపు, అంబులెన్సు, పోలీసులు, రోడ్లవాళ్లు, అందరూ వచ్చేశారు. వాటితో పాటు పాత ఛానెల్ ఒకటి కూడా ఎక్కించింది. మంట దగ్గర నిలబడ్డవాళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునే ఛానెల్ అది. కొత్త రేడియోలకు లాగా టవర్ అక్కర్లేదు, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి అన్నట్టు. దూరం పోదు, కొండకు అవతలివాడికి వినపడదు. కానీ మా ఇళ్లన్నీ, వెర్నాది మరీను, సరిగ్గా కొయోటీ లోయ అంచు మీద ఉన్నాయి కాబట్టి లోయలో మాట ఆవిడ వంటింట్లోకి నేరుగా వచ్చేది.

అక్కడే వచ్చింది తంటా. ఆ వేసవిలో బర్ల్ చౌక కొట్లో బల్బులు కొనుక్కొచ్చి వంటింటి నిండా బిగించాడు. లైటు వేస్తే చాలు, ఆ పాత ఛానెల్‌లో తేనెటీగల తుట్టె కదిలినట్టు రొద. స్కానర్ అక్కడే ఆగిపోయి, మిగతా ఛానెళ్లకు పోయేది కాదు. బల్బులు మార్చమంటే బర్ల్ "వెలుగుతున్నాయి కదా" అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండి, స్కానర్ మీద ఒక బటన్ నొక్కేసింది. ఈ ఛానెల్ వద్దు, దీన్ని దాటేసి ముందుకు పో అని చెప్పే బటన్. రొద పోయింది. మా కొండ మీద స్కానర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ అందరూ చేసే పనే అది. విసుగొచ్చిన దాన్ని దాటేస్తారు, దాటేసిన సంగతి మరిచిపోతారు.

సెప్టెంబరు. వానచుక్క పడి నెలలైంది. పొడిగాలి ఈడ్చి కొడుతోంది, కాలి కింద గడ్డి పెళపెళమంటోంది. ముగ్గురం మధ్యాహ్నం తింటున్నాం. స్కానర్‌లో కూత వచ్చింది. ఒక్కో ఊరి దళానికి ఒక్కో కూత. ఇది మాది. బర్ల్ సగం తిన్న సాండ్‌విచ్ పళ్లెంలో పెట్టి టోపీ తీసుకున్నాడు.

"జాగ్రత్త" అంది వెర్నా.

"వస్తా" అన్నాడు బర్ల్. అంతే, వెళ్లిపోయాడు.

కొయోటీ లోయలో నిప్పు. ఇంజన్ నాలుగులో బర్ల్, తోలేది ఎస్తెబాన్ రివాస్, ఇంకా జోలీన్ అనే కొత్త పిల్ల. మేము వింటూనే ఉన్నాం. మంట ముందు కింద ఉంది, తర్వాత గాలి తిరిగింది. కాసేపట్లో లోయ అంచున పొగ గోడలా లేచింది. కంట్రోల్ రూములో అమ్మాయి గొంతు మామూలుగా ఉండటానికి తంటాలు పడుతోంది. "ఇంజన్ నాలుగు, కింది వంతెన మీదుగా బయటికి వచ్చేయండి."

రెండుసార్లు గొంతు సవరింపు. "ఇంజన్ నాలుగు. కింది వంతెన. సరే."

వెర్నా భుజాలు దిగాయి. గిన్నెలు కడగడానికి లేచింది.

ఆ తర్వాత ఇంజన్ నాలుగు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మిగతా అందరూ మాట్లాడుతున్నారు. హెలికాప్టర్ వాడు, ఇంజన్ రెండు, పై దారి మూయమని పోలీసులు, ఒకరి మీద ఒకరు. మధ్యలో ఎవరో కొత్త గొంతు, బయటి జిల్లా నుంచి సాయానికొచ్చిన పెద్దాఫీసరట, "ఇంజన్ నాలుగు లోయ దాటింది" అన్నాడు.

"ఎవరు చూశారు?" అంది వెర్నా స్కానర్ వైపు తిరిగి. "దాటిందని ఎవరు చూశారయ్యా?"

స్కానర్‌కు చెవులే గానీ నోరు లేదు. మనం వినవచ్చు, మాట్లాడలేము. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. ఏమిటది వెర్నా, మేము బయలుదేరాలా వెర్నా, గుర్రాలు విప్పెయ్యమంటావా వెర్నా. ఒక్కొక్కరికీ జవాబు చెబుతోంది, చెవి మాత్రం స్కానర్ మీదే. చేతిలో బర్ల్ పళ్లెం. అదే పళ్లేన్ని తుడిచిందే తుడుస్తోంది.

"దాటేసి ఉంటాడులే" అన్నాను.

"దాటితే చెప్పేవాడు. మాట్లాడ్డానికి బద్ధకం గానీ, చెప్పాల్సింది చెప్పకుండా ఉండడు."

అప్పుడే కరెంటు పోయింది. ఫ్రిజ్ గొణుగుడు ఆగిపోయింది. స్కానర్ బ్యాటరీ మీదికి మారి, మినుకుమని మళ్లీ వెలిగింది. కిటికీలో పొగకు వంటిల్లంతా కాషాయంగా ఉంది. ఆవిడ మొహం చూడలేక నేనేదో ఒకటి అనాలని అన్నాను: "పోనీలే, మీ ఆయన కొన్న బల్బుల గోలైనా వదిలింది."

పళ్లెం తుడిచే చెయ్యి ఆగిపోయింది.

"బల్బులు" అంది వెర్నా. పళ్లెం సింకులో పడి పగిలింది. స్కానర్ దగ్గరికి ఒక్క అంగలో వచ్చి, దాటేసిన ఛానెల్ వెతికి, బటన్ నొక్కింది.

రెండుసార్లు గొంతు సవరింపు వినపడింది. కానీ అది గొంతు కాదు, గరగర.

"వెర్నా, వింటున్నావా. మళ్లీ చెబుతున్నా. పాత రాళ్ల క్వారీలో ఉన్నాం. ముగ్గురం. వంతెన దారికి అడ్డంగా పైన్ చెట్టు పడింది. ఇంజన్ తగలబడింది. ఈ గోతిలో టవర్ అందక కొత్త రేడియోకి ఎవరూ పలకడం లేదు. మార్లిస్‌కి చెప్పు. క్వారీ, వెర్నా. వింటున్నావా."

పేరు పలికాడు. ఇన్నేళ్లలో రేడియోలో ఒక్క పేరు పలకని మనిషి పెళ్లాం పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎందుకంటే మిగతా ఇళ్లన్నీ దాటేసినా ఆ ఛానెల్‌ను చెవి పెట్టి వినే చోటు లోకం మొత్తం మీద ఒక్కటే, ఈ వంటిల్లు. అది వాడికి తెలుసు.

"మళ్లీ చెబుతున్నా అన్నాడు" అంది వెర్నా. "వెండెల్, మళ్లీ అన్నాడు."

అత్యవసర నంబరుకు చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. కౌంటీలో పొగ చూసిన ప్రతివాడూ ఆ నంబరే నొక్కుతున్నాడు. సెల్‌ఫోన్లలో సిగ్నల్ చచ్చింది. మార్లిస్ నా చెల్లెలి కూతురే, మా దళానికి అధికారి. ఊరి అవతల రైతుసంఘం హాలు దగ్గర ఉంది.

"నీకు బండి ఉంది కదా, పో!" అని అరిచింది వెర్నా.

"నువ్వూ రా. మంట ఈ అంచుకి రావచ్చు."

"నేను కదలను. ఆయన మాట్లాడుతుంటే వినే దిక్కొకటి ఉండాలి. పోవయ్యా, చూస్తావేం!"

నా పాత పికప్ ఆ రోజు పోయినట్టు ఎన్నడూ పోలేదు. రోడ్డు కనపడటం లేదు, తెల్లగీత పట్టుకుని పోయాను. ఎదురుగా గుర్రపు బళ్లు తగిలించుకుని, సామాన్లు కట్టుకుని జనం దిగిపోతున్నారు. నేనొక్కణ్ణే ఎగువకు. హాలు ముందు బండి ఆపీ ఆపకుండానే అరిచాను, బర్ల్ వాళ్లు క్వారీలో చిక్కుకుపోయారని.

బయటి ఆఫీసరు మ్యాపు మీంచి తలెత్తాడు. "ఇంజన్ నాలుగు వంతెన దాటింది."

"దాటలేదు. చెట్టు పడింది. బండి తగలబడింది. పాత ఛానెల్‌లో మొత్తుకుంటున్నాడు."

ఆయన చేతిలో రేడియో ఆ ఛానెల్‌కు తిప్పాడు. గాలి. అంతే. ఎలా వినపడుతుంది, హాలుకూ లోయకూ మధ్య కొండంత కొండ ఉంటే? మళ్లీ తిప్పాడు. గాలి.

"ఇందులో ఏమీ లేదు. మీకెవరు చెప్పారు?"

"వెర్నా విన్నది."

"వెర్నా ఎవరు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చింది అనబోతుంటే మార్లిస్ నా చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, వెర్నాయే విన్నదా? తన చెవులతో?"

"నేనూ విన్నాను. వాడి గొంతు సవరింపే."

"క్వారీ అన్నాడా?"

"రెండుసార్లన్నాడు."

మార్లిస్ రేడియో ఎత్తింది. ఆఫీసరు అడ్డం వచ్చాడు. "అమ్మా, ఉన్న హెలికాప్టర్ ఒక్కటి. ఇళ్ల మీద నుంచి తీసేస్తే ఇళ్లు పోతాయి. వంటింట్లో రేడియో వినే ఒక ఆవిడ మాట మీద తీసేస్తావా?"

"సార్, చిన్నప్పుడు ఆవిడ బస్సులో వెళ్లాను" అంది మార్లిస్. "దిగాల్సిన పిల్ల దిగిందో లేదో కళ్లారా చూడకుండా ఆవిడ ఏనాడూ బస్సు కదపలేదు. ముగ్గురున్నారంటే ముగ్గురున్నారు." అని, హెలికాప్టర్‌ను క్వారీ మీదికి తిప్పింది. వంతెన వైపునుంచి చెట్టు తొలగించడానికి బుల్‌డోజర్‌ను పంపింది. తప్పైతే ఆ పిల్ల పదవి, పరువు, ఎవరివో ఇళ్లు, అన్నీ బుగ్గి.

నేను తిరిగొచ్చేసరికి వెర్నా నుదురు స్కానర్‌కు ఆనించి కూర్చుని ఉంది. కిటికీ బయట నిప్పురవ్వలు రాలుతున్నాయి.

"చెప్పావా?"

"చెప్పాను. వస్తున్నారు."

"ఆయనకి ఎవరు చెబుతారు వస్తున్నారని?" అంది. లోయలో మొగుడి గొంతు ఆవిడ చెవిలో ఉంది, ఆవిడ గొంతు వాడికి చేరదు. "క్వారీ, ముగ్గురం" అంటున్నాడు బర్ల్. ఒక్కోసారికి పలచబడుతోంది. తర్వాత దగ్గు. తర్వాత అదీ లేదు.

"మాట్లాడు" అంది వెర్నా. "ఇన్నేళ్లూ మాట్లాడకపోతే ఊరుకున్నాను. ఇప్పుడు మాట్లాడు ముసలాయనా. మాట్లాడు." బల్ల మీద అరచేత్తో కొడుతోంది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం?

ముందు హెలికాప్టర్ చప్పుడు మా కప్పు మీంచి పోయింది. కొంతసేపటికి అదే చప్పుడు స్కానర్‌లోంచి వచ్చింది. ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారు. నీళ్లు పడిన మోత. జోలీన్ కేక. ఆపైన గరగరమంటూ, "తడిశాం. వెర్నా, తడిశాం."

చీకటి పడేలోగా బుల్‌డోజర్ చెట్టును పక్కకు నెట్టి ముగ్గుర్నీ తెచ్చింది. ఎస్తెబాన్ రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. బర్ల్ గొంతు పొగకు పోయింది. కొండ మీద కొన్ని ఇళ్లు పోయాయి. ఆ ఇళ్లు పోయినవాళ్లలో ఒక్కడు కూడా మార్లిస్‌ను పల్లెత్తు మాటనలేదు.

బర్ల్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. సోఫాలో దుప్పటి కప్పుకుని, గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"భయపడలేదు" అన్నాడు. "మొదటి పిలుపుకే నువ్వు విన్నావని తెలుసు. నాతో ఉన్న ఇద్దరికీ అదే చెప్పాను. మా ఆవిడ వింటోంది, కదలకుండా పడుకోండి అని."

ఊరంతా అదే అనుకుంటోంది. వెర్నా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"వినలేదు" అంది వెర్నా. "ఆ ఛానెల్ దాటేశాను బర్ల్. నీ బల్బుల రొద భరించలేక. కరెంటు పోయేదాకా నాకు తట్టలేదు. నువ్వు పిలిచినంతసేపూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఎస్తెబాన్ చేతులు నా వల్లే కాలాయి. వెళ్లి వాడికీ చెప్పాను."

"వాడేమన్నాడు?" అన్నాడు బర్ల్.

"పైకి చూసి నవ్వాడు. బల్బులు నువ్వే కదా కొన్నది, నిన్ను తన్నమన్నాడు."

"మరి..." బర్ల్ ఆగాడు. మొహం ఎర్రబడింది. "మరి మొదట్లో నేను అన్నవేవీ నీకు వినపడలేదా?"

"ఏమన్నావు?"

"ఏం లేదులే."

"ఏమన్నావు బర్ల్?"

దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్లు మూసుకున్నాడు. ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా నోరు విప్పలేదు. వెర్నా జోలీన్‌ను పట్టుకుంది. ఆ పిల్ల "అది నేను చెప్పే మాట కాదండీ" అని తలవంచుకుంది. ఎస్తెబాన్ కూడా అంతే. అన్నింటికీ జవాబు చెప్పే వెర్నాకు, లోకంలో తనకు కావలసిన ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ బాధ ఆవిడ మొహంలో రోజూ కనపడేది.

బల్బులన్నీ పీకి చెత్తలో పారేసింది. కొండ మీద స్కానర్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి, దాటేసిన ఛానెళ్లన్నీ తెరిచింది. "రొద వస్తే రొద వినండి, చావరు" అని అందర్నీ గదమాయించింది.

చలికాలం మొదట్లో దళానికి కొత్త ఇంజన్ వచ్చింది. సోమవారం సాయంత్రాలు రేడియోలు సరిచూసుకోవడం మా వాళ్ల పద్ధతి. బర్ల్ గొంతు సగం తిరిగొచ్చింది. ఆ సోమవారం తను లోయలోకి వెళ్లి పాత ఛానెల్ సరిచూస్తానన్నాడు. వెర్నా బంగాళాదుంపలు తరుగుతోంది. నేను తినడానికి కూర్చున్నాను.

రెండుసార్లు గొంతు సవరింపు.

"ఇంజన్ నాలుగు. పరీక్ష." మళ్లీ గొంతు సవరింపు. "వెర్నా. ఆ రోజు అన్నదే మళ్లీ చెబుతున్నా. ఇన్నేళ్లూ నీ కాఫీ తాగి ఒక్కరోజు కూడా బాగుందని అనలేదు. బాగుంది. కాఫీ ఒక్కటే కాదు, నీతో అన్నీ బాగున్నాయి. ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదు. అంతే. ఇంజన్ నాలుగు, పరీక్ష అయింది."

వెర్నా కత్తి కింద పెట్టింది. స్కానర్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. కళ్లు తుడుచుకోలేదు.

అంతలో ఫోన్ మోగింది. మోగదా మరి, కొండ మీద ప్రతి ఇంట్లో ఆ ఛానెల్ తెరిచి పెట్టింది ఆవిడే కదా.

"ఏమిటది వెర్నా?" అంటోంది అవతలి గొంతు. నాకు కూడా వినపడుతోంది.

"ఏం లేదు" అంది వెర్నా ముక్కు చీదుతూ. "మా ఆయన వస్తున్నాడు. నాకు కాఫీ పెట్టుకోవాలి, ఉంటాను."